బల్లి పలికిన గురువారం

“ఈ పని ఈ ఇంటికి అచ్చిరాదు,” అన్నది సాలమ్మ.

టక్. టక్. టక్.

గోడవైపు చూడకుండానే సాలమ్మ చూపుడువేలు మడిచి, కణుపుతో నేలను మూడుసార్లు తట్టింది. “సత్యం, సత్యం. ఇన్నవా కోడలా? నేనన్నది గాదు, బల్లి అన్నది.”

సింధుజ వినలేదు. ఆమె చెవులను హెడ్‌ఫోన్లు కప్పి ఉన్నాయి. ఎదురుగా లాప్‌టాప్ తెర మీద చిన్న వలయం తిరుగుతున్నది. ఉదయం ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా, ఒక్క ఫోల్డరు తెరవమన్నందుకు, అది తిరుగుతూనే ఉన్నది.

హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నది. “ఏమన్నవు అత్తమ్మా?”

“నేనేమంటె ఏమున్నది? బల్లి ఐదు రోజుల సంది సాక్ష్యం చెప్తున్నది.”

ట్యూబ్‌లైటు వెనుక బల్లి ఉన్న మాట నిజమే. ఆలూరులో ఆ ఇల్లు కట్టిన నాటి నుంచీ ఉన్నది. సింధుజ ఆ ఇంటికి కోడలిగా వచ్చి రెండేళ్లు. బల్లికున్నంత మాట చెల్లుబాటు ఆమెకు ఇంకా రాలేదు.

తల తుడుచుకుంటూ జగదీశ్ లోపలికి వచ్చాడు. తెరను చూశాడు, భార్యను చూశాడు. లాప్‌టాప్ అతనిది. ఆటల కోసం మోజుపడి కొనుక్కున్నది. మీటల కింద ఎర్రని వెలుగు, వెనుక రెండు పెద్ద ఫ్యాన్లు. పెళ్లయ్యాక అదే సింధుజకు పనిముట్టయింది. చేవెళ్లలో జ్ఞానేశ్వర్ ఫోటో స్టూడియో తీసే పెళ్లి వీడియోలను ఇంట్లో కూర్చుని కూర్చేది ఆమే.

“ఇంక తెరుసుకోలేదా?”

“లేదు.”

“ఎట్ల తెరుసుకుంటది? దినాం పన్నెండు గంటలు నడిపితె ఏ మిషినైనా కాల్తది. నేను ఆడినన్ని రోజులు ఒక్కనాడన్న ఆగిందా?”

“బుధవారం సంది మెల్లగైంది. అంతకుముందు మంచిగనే ఉండె.”

“అంటే నేను ఖరాబు చేసిన్నా?”

“నేనట్ల అన్ననా?”

“అనకుండనే అంటున్నవు గద!”

తప్పు ఎవరిదన్నది సింధుజకు అప్పుడు ముఖ్యం కాదు. మొయినాబాద్ చర్చిలో మూడు వారాల కింద జరిగిన జెన్నీ అనే అమ్మాయి పెళ్లి మొత్తం ఈ లాప్‌టాప్ డిస్కులో ఉన్నది. నాలుగువందల పైచిలుకు వీడియో ముక్కలు. సింధుజ కాపీ చేసుకున్న మరునాడే జ్ఞానేశ్వర్ ఆ కెమెరా కార్డులను తుడిపి మరో పెళ్లికి పట్టుకుపోయాడు.

“రెండో కాపీ తీసినవా?” జగదీశ్ గొంతు కొంచెం తగ్గింది.

“స్టూడియో డిస్కు నిండింది. రేపు తీద్దాం, ఎల్లుండి తీద్దాం అనుకున్న.”

“అంటే...”

“అంటే ఆ పెళ్లి దీంట్ల తప్ప ఇంకేడ లేదు.”

పొయ్యి మీద పాలు పొంగబోతున్న చప్పుడుకు కూడా ఎవరూ లేవలేదు.

“ఫికర్ చెయ్యకు,” అన్నాడు జగదీశ్, ఫోను తీసి. “యూట్యూబ్‌ల ఒకాయన చెప్పిండు. రిపేర్ ఆర్డర్ ఒకటుంటది. కొట్టి ఇడిసిపెడితె పొద్దుమూకెవరకు దానంతటదే బాగైతది. కాకపోతె అంత తుడిపి ఫార్మాట్ కొట్టుడే. జరుగు జర.”

అతని చెయ్యి మీటల మీదికి వచ్చింది. సింధుజ తన రెండు అరచేతులనూ మీటలపై పరిచింది. వేళ్ల సందుల్లోంచి ఎర్రని వెలుగు పైకి వచ్చింది.

“ముట్టకు.”

ఆ ఇంట్లో అంత గట్టి మాట ఆమె అదివరకు అనలేదు. జగదీశ్ చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. సాలమ్మ పాలగిన్నె దించడం మానేసి కోడలివైపు తిరిగింది.

సింధుజ లాప్‌టాప్ పూర్తిగా ఆపి, మూత మూసి, దుప్పటిలో చుట్టింది. “మొయినాబాద్ పోతున్న. కంప్యూటర్లు బాగుచేసె గిద్యోనన్నకు సూపిస్త.”

“నాకు రిసార్టుల డ్యూటీ ఉన్నది. అజీజ్‌నగర్ నుంచి వచ్చేసరికి నాలుగున్నరైతది.”

“నువ్వు రాకున్నా సరే.”

“నేనొస్త,” అన్నది సాలమ్మ, కొంగు దోపుకుంటూ. “అది సచ్చిందని డాక్టరు చెప్తె నా చెవుల ఇంట.”

దారి పొడుగునా సింధుజ ఫోను చూసుకుంటూనే ఉన్నది. రోజూ పొద్దున్నే ‘ఎంతవరకొచ్చిందమ్మా’ అని అడిగే జ్ఞానేశ్వర్ రెండు రోజులుగా ఫోను చేయలేదు. కోపమా, పనుల రద్దీయా, తెలియదు. మాట వస్తే భయం, రాకపోతే అంతకు మించిన భయం.

రోడ్డు వెడల్పు పనుల దగ్గర బస్సు ఎగిరెగిరి పడింది. ఒళ్లో ఉన్న దుప్పటి మూటను సింధుజ గుండెకు అదుముకున్నది. తరువాతి గుంత దగ్గర మూట కిందికి మరో చెయ్యి వచ్చి చేరింది. కిటికీలోంచి బయటికి చూస్తూనే సాలమ్మ తన అరచేతిని దాని అడుగున ఆనించింది. చేవెళ్ల దాటినా, మొయినాబాద్ వచ్చినా ఆ చెయ్యి తీయలేదు.

*

గిద్యోను దుకాణం ఇంటి ముందుగదే. ఒకప్పుడు రేడియోలు, తరువాత టీవీలు, ఇప్పుడు కంప్యూటర్లు. యంత్రాలు మారాయి గాని అదే బల్ల, అదే స్టూలు. సింధుజ చెప్పినదంతా విని, లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి, అతడు మీట నొక్కాడు.

ఎర్రని వెలుగు వచ్చింది. ఫ్యాను తిరిగింది. ఆ తరువాత:

టక్. టక్. టక్.

స్టూలు మీద కూర్చున్న సాలమ్మ వేలు తనంతట తానే బల్లను మూడుసార్లు తట్టింది. “సత్యం, సత్యం. అయ్యో, ఈడ గూడ ఉన్నదా బల్లి!”

గిద్యోను ఆమెను చూశాడు. వెంటనే మీటను అలాగే అదిమిపట్టి లాప్‌టాప్‌ను ఆపేశాడు. టక్‌టక్ కూడా ఆగింది. కప్పు మీద బల్లి లేదు. గోడల మీదా లేదు.

“పెద్దమ్మా, ఇంకోపారి చెప్పు. ఈడ గూడ అంటె, ఇంకేడ?”

“మా ఇంట్ల. మంగళారం సంది పలుకుతున్నది.”

“ఇదే సప్పుడా?”

సాలమ్మ చూపు గిద్యోను మీది నుంచి లాప్‌టాప్ మీదికి, అక్కడి నుంచి తన వేలి మీదికి వచ్చింది.

“సింధుజా, నీకు ఇనబడలేదా తల్లీ?”

“హెడ్‌ఫోన్లు పెట్టుకుంట అన్నా. ఎప్పుడన్న ఇనబడ్డా బల్లే అనుకున్న.”

గిద్యోను కాగితం, పెన్సిలు తీసుకున్నాడు. “పెద్దమ్మా, ఏ రోజు ఎన్నిసార్లు పలికిందో యాదికున్నదా?”

సాలమ్మ అక్షరం చదవలేదు. కానీ కోడిని పొదగేసిన రోజు నుంచి బర్రె ఎదకొచ్చిన పూట దాకా ఆమె మనసులో చెరగని గుర్తులుంటాయి. బల్లి ఏ మాటకు పలికిందో మరిచిపోయే మనిషా?

“మంగళారం పొద్దుమూకినంక, ‘మా బర్రె ఈపారి పెయ్యదుడ్డెను ఈనుతది’ అన్న. రెండుపార్లు పలికె. బుధారం పొద్దుగాల, ‘వానలు ఎనుకకొస్తయి’ అన్న. మూడుపార్లు. పగటీలి, ‘ఈ మోకాళ్ల మందు దండుగ’ అన్న. మల్ల మూడు.”

“గురువారం?”

సాలమ్మ కొంగు సర్దుకున్నది. “గురువారం గూడ పలికె. శానాపార్లు.”

“ఏం మాటకు?”

“మాటలెందుకయ్యా నీకు? పలికెనని చెప్తున్న గద.”

గిద్యోను రెట్టించలేదు. సింధుజ మాత్రం అత్త ముఖం వైపు ఒక క్షణం ఎక్కువగా చూసింది.

“శుక్రవారం?”

“పలుకలే. దినమంత ఎదురుసూసిన. ఒక్కపారి పలుకలే.”

“శుక్రవారం నేను ఈ పక్క ప్రొద్దుటూరుకు మా అమ్మోళ్లింటికి పోయిన,” అన్నది సింధుజ మెల్లగా. “లాప్‌టాప్ బంద్ చేసి పోయిన.”

“ఇయ్యాల పొద్దుగాలనయితె,” సాలమ్మ గొంతు తగ్గింది, “సందు లేకుంట పలికింది.”

గిద్యోను పెన్సిలు కింద పెట్టాడు. “మా చర్చిల సాక్ష్యం చెప్పెటోళ్లు నీలెక్క చెప్పాలె పెద్దమ్మా. రోజు, పూట, మాట. నా పని సగం నువ్వే చేసినవు.”

అతడు లాప్‌టాప్‌ను బోర్లించి మరలు విప్పాడు. “దీంట్ల రెండు డిస్కులున్నయి. విండోస్ ఉన్న చిన్నది మంచిగనే ఉన్నది. పెండ్లి ఉన్నది ఈ పెద్దదాంట్ల. దీని లోపల పళ్లెం తిరుగుతుంటది. దాని మీద సన్న చెయ్యొకటి తాకీతాకనట్టు పోతుంటది. ఆ చెయ్యికి దారి దొరకనప్పుడల్ల ఎనుకకొచ్చి మల్ల మొదలువెడ్తది. ఆ సప్పుడే మీ బల్లి.”

“బాగైతదా అన్నా?”

“డిస్కు బాగుగాదు. దాంట్ల ఉన్నది తీయొచ్చు. రోజురోజుకు సప్పుడు పెరిగిందంటె ఇది దెబ్బ తగిలిన జబ్బు. గిసొంటిదానికి రిపేర్ ఆర్డర్ కొట్టి ఇడిసిపెడితె, ఆ చెయ్యి దినమంత పళ్లాన్ని గీకుతుండె. ముందుగాల కాపీ. తర్వాతనే కడమ ముచ్చట.”

సింధుజ తన అరచేతులను చూసుకున్నది. పొద్దున ఆ మీటల మీద పరిచిన చేతులవి. వాటికి ఆ బలం ఎవరిచ్చారో గాని, వారికి మనసులోనే మొక్కింది.

“ఒక్కటడుగుత,” అన్నాడు గిద్యోను, డిస్కును తన పాత కంప్యూటరుకు తగిలిస్తూ. “మంగళవారం ఇది ఏడికన్న పోయొచ్చిందా?”

సింధుజకు తెలుసు. తెలిసినా, పరాయి ఇంట్లో భర్త పేరు ఎత్తడానికి ఆమెకు నోరు రాలేదు.

“మావోడు తీస్కపోయిండు,” అన్నది సాలమ్మ. “సోమారం దోస్తులతోని ఆట ఉన్నదని అజీజ్‌నగర్ పట్టుకపోయి, మంగళారం పొద్దుమూకంగ...”

మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆమె కోడలివైపు తిరిగింది. అయిదు రోజులుగా తాను నిలదీసిన ముఖం అది. ఆ ముఖంలో గెలిచిన వెలుగు ఏమీ లేదు. తెర మీద మొదలైన అంకెల కోసం ఎదురుచూపు తప్ప.

*

తెర మీద సన్నని గళ్లు. చదవగలిగిన చోటల్లా పచ్చగా మారుతున్నాయి. అక్కడక్కడ ఎర్రగడి పడితే కాపీ ఆగకుండా దాన్ని దాటిపోతున్నది.

“దాటిపోతున్నదేంది?” సాలమ్మ కంగారుపడింది.

“ముందు అందేది తీసుకుంటది పెద్దమ్మా. మొండికేసిన జాగాలకు ఆఖరికి మల్ల వస్తది.”

“రేగుపండ్లు తెంపినట్టు.” సాలమ్మకు ఆ పని వెంటనే బోధపడింది. “అందిన కొమ్మ ముందుగాల. ముండ్లల్ల చెయ్యి ఆఖరికి.”

“గట్లనే!”

మధ్యాహ్నమైంది. గిద్యోను భార్య విమలమ్మ అన్నం, పచ్చిపులుసు, కోడిగుడ్ల కూర తెచ్చి గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఈ అత్త తమ ఇంట్లో తింటుందో, తినదో అన్న అనుమానం ఆమె కళ్లలో కనబడింది. సాలమ్మకూ అది కనబడింది. ఆమె లేచి గిన్నె అందుకున్నది.

“తెచ్చినదానివి నిలబడ్డవేంది? కూసో. ముగ్గురం తిందాం.”

తింటుండగా విమలమ్మ అన్నది, “పొద్దున ఈ పెండ్లి సంగతి ఇని ప్రార్థన చేసిన పెద్దమ్మా. జెన్నీ మా చర్చి పిల్లనే.”

“నేను గూడ మా ఎల్లమ్మకు మొక్కిన,” అన్నది సాలమ్మ. “ఇద్దరు సూస్తె తొందరగైతది.”

సింధుజకు ఆ రోజు మొదటిసారి నవ్వు వచ్చింది. ముద్ద చేతిలోనే ఉన్నది. నవ్వుతుండగానే కన్నీళ్లు వచ్చాయి. విమలమ్మ ఏమీ అడగకుండా ఆమె కంచంలో ఇంకొక గుడ్డు వేసింది.

మూడు దాటాక గిద్యోను ఒక ముక్కను తెరిచి చూపించాడు. తెల్లని ముసుగులో జెన్నీ. పక్కన పెళ్లికొడుకు నతానియేలు, మాట తడబడుతూ ప్రమాణం చెప్తున్నాడు. వెనుక పాట బృందంలో ఒక బొంగురు గొంతు అందరికంటే ముందు పాట అందుకున్నది.

“ఆ తొందరపడ్డది నేనే,” అన్నాడు గిద్యోను సిగ్గుపడుతూ. “గా పాట గొంతు జర తగ్గియ్యి తల్లీ.”

“తగ్గియ్య అన్నా,” అన్నది సింధుజ. “ఇంక పెంచుత.”

*

నాలుగున్నరకు జగదీశ్ వచ్చాడు. గిద్యోను అతన్ని ఏమీ అనలేదు. పెద్ద డిస్కు లేకుండానే లాప్‌టాప్‌ను తెరిచి, ఒక సెట్టింగు చూపించి అడిగాడు:

“తమ్మీ, మూత మూస్తె ఏమైతది ఇది?”

“నిద్రవోతది.”

“పోదు. మూసినా నడవాలెనని ఎవలో పెట్టిండ్రు.”

జగదీశ్ వంగి చూశాడు. చూస్తూ చూస్తూ అతని ముఖం మారింది. “కొత్త ఆట డౌన్‌లోడ్ ఆగొద్దని సోమవారం నేనే పెట్టిన. మంగళవారం మూత మూసి బ్యాగుల ఏసుకొని వచ్చిన.”

“లోపల పళ్లెం తిరుగుతనే ఉన్నది. నువ్వేమొ బైకు మీద.”

రోడ్డు మీది గుంతలన్నీ ఆ గదిలోకి వచ్చినట్టయింది. జగదీశ్ హెల్మెటును ఒక చేతిలోంచి మరో చేతికి మార్చుకున్నాడు.

“పొద్దున శానా మాటలన్న సింధూ.”

“రెండో కాపీ తియ్యంది నేనే,” అన్నది సింధుజ. “నీకొక్కనికే ఎందుకు అంటగడుత?”

అతడు తల ఎత్తి ఆమెను చూశాడు. క్షమించమన్న మాట అతని పెదవుల దాకా వచ్చి, అందరి ముందు సిగ్గుపడి ఆగింది. ఆమెకు అది వినబడినట్టే ఉన్నది.

అయిదున్నరకు గళ్లు నిండాయి. పోయినవి రెండే ముక్కలు. రెండూ భోజనాల పందిట్లోవి.

“పోనియ్యి,” అన్నది విమలమ్మ. “ఆనాడు కూరల ఉప్పెక్కువైంది. సాక్ష్యం లేకుంట పోయింది.”

గిద్యోను కొత్త డిస్కును బిగించాడు. పళ్లెమూ లేదు, చెయ్యీ లేదు. అగ్గిపెట్టె కన్న కొంచెం పెద్దదైన పలుచని బిళ్ల. పెళ్లి మొత్తాన్ని అందులోకి, మరొక కాపీని విడి డిస్కులోకి ఎక్కించాడు. సింధుజ మీట నొక్కింది. ఫోల్డరు రెప్పపాటులో తెరుచుకున్నది. వరుసగా నిలబడ్డాయి పెళ్లి ముక్కలు, తప్పిపోయి ఇల్లు చేరిన గొర్రెపిల్లల్లా.

ఆమె స్టూలు పక్కన కూర్చుని సాలమ్మ చేతిని పట్టుకున్నది. “అత్తమ్మా, నా చెవులు నేను మూసుకున్న. నువ్విన్నవు. నువ్వు రాకుంటె, నువ్వు చెప్పకుంటె, గిద్యోనన్నకు ఇంత తొందరగ ఎరుకయ్యేది గాదు. ఈ మేలు మరువ.”

సాలమ్మ చెయ్యి వెనక్కి తీసుకున్నది. లాప్‌టాప్ దగ్గరికి వంగి, చెవి ఆనించి, చాలాసేపు విన్నది.

“ఈ కొత్తది మాట్లాడదా?”

“మాట్లాడదు అత్తమ్మా.”

“అయితె ఇగ మనమే మాట్లాడుకోవాలె.” ఆమె కొంగుతో ముఖం తుడుచుకున్నది. “గురువారం ముచ్చట చెప్తా. తిట్టినా సరే, ఇను.”

జగదీశ్ హెల్మెటు బల్ల మీద పెట్టాడు.

“‘కోడలు ఈ పని మానేదాక ఈ ఇంట్ల సుఖం లేదు’ అన్న. ఊపిరి తీయకుంట పలికింది. అప్పుడే నీ ఫోను మోగింది. నువ్వు బట్టలు ఆరేస్తున్నవు. ఆ స్టూడియో ఆయన. బల్లి సెప్పినంక ఇంకేందని, ‘మా కోడలు ఇగ ఈ పని చెయ్యదు, వేరే మనిషిని సూసుకో’ అన్న.”

సింధుజకు జ్ఞానేశ్వర్ రెండు రోజుల మౌనం అర్థమైంది. “ఆయనేమన్నడు అత్తమ్మా?”

“‘సరే అవ్వా, శనివారం వచ్చి పెండ్లి పట్టుకపోత, వేరే పిల్ల ఉన్నది’ అన్నడు.”

ఆ రోజే శనివారం.

తెర మీద జెన్నీ నవ్వుతూ నిలిచి ఉన్నది. పెళ్లి దక్కింది. ఆ పెళ్లిని కూర్చే పని మాత్రం దక్కేనో లేదో సింధుజకు తెలియదు. ఆమెకు కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ దాని పక్కనే బస్సులో మూట కింద ఆనిన అరచెయ్యి నిలబడి ఉన్నది. దేన్నీ ఆమె తోసివేయలేకపోయింది.

బల్ల మీద ఫోను మోగింది. జ్ఞానేశ్వర్.

జగదీశ్ అందుకోబోయాడు. సాలమ్మ అతని చేతిని పక్కకు జరిపింది.

“ఆగురా. నా నోటితోని పోగొట్టిన, నా నోటితోనే అడుగుత.” కోడలివైపు అరచెయ్యి చాచింది. “ఇటియ్యి బిడ్డా. నేను మాట్లాడేటప్పుడు చెవులు మూసుకోకు.”

సింధుజ మెడలోని హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. ఫోనును అత్త చేతిలో ఉంచింది.

“హలో,” అన్నది సాలమ్మ. “నేను... ఆ గురువారం మాట్లాడినదాన్నే.”